ఇంకు పేడు తెచ్చిన యువజన సంఘం

మా ఊరి యువజన సంఘం కుర్రాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఆ మాట ముందే చెప్పేస్తే తరవాత తిట్టడానికి నాకు హాయిగా ఉంటుంది.

మాది పలాస వైపు. బతుకంతా జీడిపిక్కలు కొట్టాను. పిక్క పగిలినప్పుడు కారే జీడి చేతికి అంటితే చర్మం ఊడొస్తుంది. బూడిద రాసుకున్నా అంతే, ఆముదం రాసుకున్నా అంతే. నా బొటనవేలి మీద గీతలు ఎప్పుడో పోయాయి. రేషను డిపోలో వేలు పెడితే మిషను ఒప్పుకోదు. "తుడుసుకుని పెట్టు మామ్మా" అంటాడు డీలరు. ఏం తుడవను, గీతలుంటే కదా! ఆ విసుగుతోనే అరవై దాటాక వయోజనుల బడికి పోయి పలక పట్టాను. నా పేరు వంకర లేకుండా రావడానికి ఒక వానాకాలం పట్టింది. వచ్చాక మాత్రం బస్సు బోర్డు, మందు సీసా, గోడ మీద రాత, దేన్నీ వదల్లేదు.

అదే నా కొంప ముంచింది.

మొన్న ఎండాకాలం ఒక నాయకుడు మా ఊళ్ళో నీళ్ళ ట్యాంకుకి శంకుస్థాపన చెయ్యడానికి వచ్చాడు. రాతి పలక మీద గుడ్డ తీశాడు. అందరూ చప్పట్లు కొట్టారు, నేను చదివాను. పది అడుగుల దూరంలో తుప్పల్లో ఇంకో పలక ఉంది. అదీ చదివాను. అదే ట్యాంకు, నాయకుడి పేరు వేరు. లేచి అడిగాను.

"బాబూ, ఈ టేంకుకి ఇదివరకే రాయేసినారు. ఆ టేంకు ఏటయినాది?"

ఆయన మైకు దగ్గరికి లాక్కుని నవ్వాడు. "వేలిముద్రలోళ్ళు కూడా లెక్కలడిగే రోజులొచ్చేశాయి. ఏమే ముసలీ, నీకెందుకే? ఓటు రోజున గుర్తు చూసి నొక్కు, చాలు."

సభంతా నవ్వింది. నాతో కూర్చుని పిక్కలు కొట్టినవాళ్ళు కూడా నవ్వారు. మా ఆయన పోయాక నన్ను "ఏమే" అని పిలిచినవాడు లేడు. ఈయన మైకులో పిలిచాడు.

ఎవరో ఫోనులో తీశారు. మర్నాటికి అది ఊరూరా తిరిగింది. సంఘం లేచింది. ముందు ఫ్లెక్సీ కట్టారు. అందులో సంఘం వాళ్ళందరి మొహాలూ, నల్ల కళ్ళద్దాలూ. అడుగున "మాతృమూర్తికి అవమానం, ఖబడ్దార్" అని రాశారు. ఆ మాతృమూర్తి బొమ్మ ఎక్కడా లేదు. తరవాత దిష్టిబొమ్మ తగలబెట్టారు. దానికి గడ్డి నా కుప్పలోంచే లాక్కుపోయారు. నాయకుడికి సెగ తగిలిందో లేదో గానీ నా ఆవుకి తగిలింది.

సోమవారం కలెక్టరాఫీసులో అర్జీ ఇస్తామన్నారు. పొద్దున్నే గుమ్మంలో ఆటో ఆపి, సంఘం ప్రెసిడెంటు దిగాడు. ఒక చేతిలో టైపు కొట్టిన కాయితం, ఇంకో చేతిలో ఇంకు పేడు. రావడం రావడమే కాయితం చంకలో పెట్టుకుని నా బొటనవేలు పట్టుకున్నాడు.

"ఏట్రా ఇది?"

"ముద్దర మామ్మా. బేగి ఎయ్యి, పేపరోళ్ళు వచ్చేస్తారు."

"ముందు సదవనీ."

వేలు పెట్టి చివరిదాకా చదివాను. ఆటోలోవాళ్ళు హారను కొడుతూనే ఉన్నారు. "నిరుపేద, నిరక్షరాస్యురాలు, లోకం తెలియని వృద్ధురాలిని" అని మొదలెట్టి పేజీ నిండా కోపం నింపారు. ట్యాంకు మాట మాత్రం ఒక్క ముక్క లేదు.

"ఒరే, ఆడు నన్ను వేలిముద్రలదాన్ననీసినాడని గదరా మీ కోపం?"

"అవును మామ్మా, రగతం మరిగిపోతన్నాది!"

"మరి నువ్వేటి రాసినావు? నీ సేతిలో అదేటి?"

వాడు పేడు వెనక్కి దాచాడు. "అలా రాస్తేనే జాలేస్తాది మామ్మా. సదువొచ్చంటే ఎవలూ ఎయ్యరు పేపర్లో."

"నాకు జాలి అక్కర్లేదు, నీళ్ళు కావాల. అయినా నా వేలు పడదురా గుంటడా, దాన్ని జీడి తినీసినాది. ఓ తెల్లకాయితం తే."

"నాను రాసేస్తాను, నువ్వు సెప్పు."

"నువ్వు రాసింది సూసినాను కదా."

అరుగు మీద కూర్చుని నేనే రాశాను. "ఒకే ట్యాంకుకి రెండు రాళ్ళు వేశారు. ట్యాంకు ఏది? నన్ను ఆడిపోసుకున్నారు గానీ జవాబు చెప్పలేదు. చెప్పించండి." కింద సంతకం. ఇంతే రాసేసరికి ఎండ అరుగు మీదికొచ్చేసింది. ఆటో డ్రైవరు రెండు బీడీలు కాల్చాడు.

నా కాయితాన్ని వాళ్ళ అర్జీ అడుగున పిన్ను కొట్టి, రెండూ కలెక్టరాఫీసులో ఇచ్చారు. మర్నాడు పేపర్లో వాళ్ళ కాయితమే కనపడింది, వెనకాల కళ్ళద్దాలు. అచ్చులో నేను మళ్ళీ నిరక్షరాస్యురాలినే. ఆ వార్త నేనే చదువుకున్నాను.

ఆ వారంలోనే నాయకుడు టీవీలో కనపడి, తన మాటల్ని వక్రీకరించారనీ, ఎవరి మనసైనా నొచ్చుకుంటే విచారిస్తున్నాననీ అన్నాడు. మా గుమ్మం ముందు టపాకాయలు పేలాయి. ఆవు గుంజ పీక్కోబోయింది.

"గెలిసేసాం మామ్మా!"

"టేంకు గురించి ఏటన్నాడు?"

ప్రెసిడెంటు ఫోను వంక చూశాడు. "దాని గురించి... ఎవలూ అడగలేదు."

"నాను అడిగినాను కదరా, సంతకం పెట్టి."

గుమ్మం ముందు టపాకాయల కాయితాలు ఊడ్చుకోవడం నా పనే అయింది. చీపురు తీస్తూ చెప్పాను.

"అయితే సోమవారం మళ్ళీ ఆటో తే. ఈసారి నా కాయితం పైనుండాల."