ఎనిమిదో పిల్ల

క్వాక్ మల్‌సూన్ అవ్వ మా బడిలో ఒకటో తరగతిలో చేరేనాటికి ఆమెకు డెబ్బై ఒకటి, ఆమెకు పాఠం చెప్పాల్సిన నాకు ఇరవై ఏడు.

వరసగా నాలుగో ఆడపిల్ల పుట్టేసరికి, ఇక చాలన్నట్టు వాళ్ళ నాన్న 'ఆఖరు' అని అర్థం వచ్చేలా ఆమెకు మల్‌సూన్ అని పేరు పెట్టాడట. ఆ తర్వాత ఇంకో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. "నా పేరు మాటే ఎవరూ వినలేదు, ఇంక నా మాటేం వింటారు?" అని నవ్వేది. ఆ ఇద్దరు చెల్లెళ్ళనీ వీపున కట్టుకుని మోయడంతోనే ఆమె బడి వయసు గడిచిపోయింది. తర్వాత పెళ్ళి, పిల్లలు, సముద్రం వెనక్కి తగ్గగానే బురదలో దిగి ఆక్టోపస్‌లు తవ్వి తీయడం. అక్షరం రాదని దీవిలో ఎవరికీ తెలియనివ్వలేదు. ఉత్తరం వస్తే పోస్ట్‌మ్యాన్ చేతికే తిరిగిచ్చి, "నీ గొంతు బావుంటుందయ్యా, నువ్వే చదువు" అనేది. పాపం, అతను నిజమే అనుకుని రాగయుక్తంగా చదివేవాడు.

మోక్పో రేవు నుంచి రెండు గంటలు పడవలో వస్తే మా దీవి. బళ్ళు తెరిచే ఆ మార్చిలో ఒకటో తరగతిలో ముగ్గురు, రెండో తరగతిలో నలుగురు ఉన్నారు. మొత్తం ఏడుగురు దాటకపోతే రెండు తరగతులకూ ఒకే గది, ఒకే టీచరు అని నిబంధన. గదికి ముందో నల్లబల్ల, వెనకో నల్లబల్ల. ఒకటో తరగతి పిల్లలు ఇటు తిరిగి, రెండో తరగతి పిల్లలు అటు తిరిగి కూర్చునేవారు. మధ్యలో నేను మగ్గంలో నాడెలా తిరుగుతుండేదాన్ని. నేను ఎటు వీపు తిప్పితే అటు అల్లరి.

ఎనిమిదో తల కనిపిస్తే రెండో టీచర్ని పంపుతామన్నారు విద్యాశాఖ వాళ్ళు. హెడ్మాస్టరు బాన్ గారు ఆ ఒక్క పిల్ల కోసం గడప గడపా తొక్కారు. దీవిలో ఆ ఈడు పిల్ల ఇంకొకరు ఉంటే కదా! చివరికి మల్‌సూన్ అవ్వ ఇంటి అరుగు మీద కూలబడ్డారు.

"ఆ నిబంధనలో వయసు గురించి ఏం రాశారు నాయనా?" అని అవ్వ అడిగింది.

"ఆరేళ్ళు నిండాలని రాశారు."

"నాకు నిండాయిగా. పై వయసు ఏమన్నా రాశారా?"

హెడ్మాస్టరు గారు ఆ రాత్రంతా నిబంధనల పుస్తకం తిరగేశారు. పై వయసు ఎక్కడా లేదు. మర్నాడే అవ్వ ఎర్ర సంచీ తగిలించుకుని బడికొచ్చేసింది.

గేటు లోపల ఆమె నాకు చేతులు జోడించి దణ్ణం పెట్టి, "టీచర్ గారూ, మీరు చెప్పండి" అనేది. గేటు దాటగానే, "ఏమే అమ్మాయ్, కిమ్చి పచ్చడి అయిపోయిందా? ఆ మొహం ఏంటి, పీక్కుపోయి? పెళ్ళెప్పుడు చేసుకుంటావ్?" అని మొదలెట్టేది. పిల్లలకు ఆమె తోటి విద్యార్థే. పళ్ళూడిన ఒకటో తరగతి వాళ్ళ వరసలో ఆమె నోరు బొత్తిగా తేడాగా కనిపించేది కాదు.

కొన్నాళ్ళకి విద్యాశాఖ నుంచి ఒకాయన పరిశీలనకు వచ్చాడు. చెప్పాపెట్టకుండా వచ్చాడు. సరిగ్గా అప్పుడే సముద్రం వెనక్కి తగ్గింది. అవ్వ కుర్చీ ఖాళీ.

"ఎనిమిదో విద్యార్థి ఏరీ?"

రెండో తరగతి దావొన్, అవ్వ వీపుకి వీపు ఆనించి కూర్చునే పిల్ల, చటుక్కున లేచి, "బాత్రూంకి వెళ్ళింది సార్" అంది.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పావుగంట గడిచింది. అరగంట గడిచింది.

"ఇంతసేపా?"

"ముసలావిడ కదా సార్" అంది దావొన్, ఎంతో గంభీరంగా. మిగతా ఆరుగురూ పుస్తకాల్లో తలలు దూర్చారు.

ఎవరు కబురు పెట్టారో గాని, అవ్వ మోకాళ్ళదాకా బురదతో, చేతిలో బకెట్‌తో గుమ్మంలో ప్రత్యక్షమైంది. ఆయన్ని చూసి ఒక్క క్షణం కూడా తొణకలేదు. "టీచర్ గారూ, ఇవాళ ప్రకృతి పాఠానికి ఆక్టోపస్ తెమ్మన్నారుగా, తెచ్చాను" అని బకెట్ ఆయన కాళ్ళ దగ్గరే పెట్టింది. నేను ఏమీ తెమ్మనలేదు. అయినా తలూపాను. దేవుడు క్షమిస్తాడు.

ఆయన గొంతు సవరించుకుని, పాఠ్యపుస్తకం తెరిచి ఆమె ముందుంచాడు. "ఈ వాక్యం చదవండి."

"భలేవాడివయ్యా! చదవడమొస్తే బడికెందుకొస్తాను?"

ఈలోగా ఆక్టోపస్ బకెట్ అంచు దాటి, ఒక కాలు ఆయన బూటు మీద, ఇంకో కాలు ప్యాంటు అంచు మీద వేసింది. ఆయన ఎగిరి కుర్చీ ఎక్కాడు. పిల్లలు రెండు తరగతుల వాళ్ళూ ఒకే పాఠం నేర్చుకున్న రోజు అదే. అవ్వ దాన్ని చుట్టలా చుట్టి తీసి, "నీళ్ళలోంచి తీస్తే దానికి బెంగ నాయనా. ఏదో ఒకటి పట్టుకుంటుంది" అని ఓదార్చింది. ఆయన కుర్చీ మీద నిలబడే, 'ఎనిమిది మంది హాజరు' అని రాసేసి, వచ్చిన పడవలోనే వెళ్ళిపోయాడు.

రెండు వారాల్లో రెండో టీచరు చో వచ్చాడు. గది మధ్యలో మడతతలుపు వేశారు. ఊరంతా అవ్వకి అన్నం, చేపలు మోసుకొచ్చారు. అవ్వ ఒక్కతే దిగాలుపడింది. ఇన్నాళ్ళూ ఆమెకు జవాబులు చెవిలో ఊదింది దావొన్. ఆ పిల్ల ఇప్పుడు తలుపుకి అవతల ఉంది.

"నా కొమ్మ నేనే నరుక్కున్నానే అమ్మాయ్" అంది నాతో, గేటు బయట.

అయితే నాలుగు రోజుల తర్వాత ఆమెకు కూడికలు హఠాత్తుగా వచ్చేశాయి. నేను లెక్క అడగగానే, తలుపుకేసి తిరిగి, "ఎనిమిదీ... అయిదూనా టీచర్ గారూ?" అని సముద్రం అవతలికి వినిపించేట్టు అరిచేది. కాసేపు కళ్ళు మూసుకుని, "పదమూడు" అనేది. చో మాత్రం తలుపు దగ్గర ఎలుకలు చేరాయని, టకటక కొడుతున్నాయని హెడ్మాస్టరుకి ఫిర్యాదు చేశాడు. నేను ఒకరోజు ఆ ఎలుక కొట్టింది లెక్కపెట్టాను. సరిగ్గా పదమూడు.

ఇద్దర్నీ నిలబెట్టి అడిగాను. దావొన్ తల దించుకుంది. అవ్వ దించలేదు. "పక్కన పెద్దపిల్ల ఉంటే నాకు బుర్రలోకెక్కుతుంది. ఆ పిల్లకీ నాకు చెప్పినప్పుడే గుర్తుంటుందట. అడగండి."

అడిగాను. నిజమే. దావొన్ మార్కులు కూడా తలుపు పడ్డాకే తగ్గాయి. చో, నేను, హెడ్మాస్టరు గారు కూర్చుని ఆలోచించాం. పొద్దున రెండు తరగతులు విడివిడిగా, మధ్యాహ్నం భోజనాలయ్యాక తలుపు మడిచేయాలని తేల్చుకున్నాం. టీచర్లు మాత్రం ఇద్దరం. ఒకరు వీపు తిప్పితే ఇంకొకరి కళ్ళుంటాయి. అల్లరి తగ్గుతుందనుకున్నాం. అవ్వ ఉండగా అది జరిగే పని కాదు.

జూలైలో సెలవులకి ముందు ప్రగతి పత్రాలిచ్చాను. సాయంత్రం నేను గిన్నెలు కడుగుతుంటే అవ్వ నా గది తలుపు బాదింది. చేతిలో పత్రం, కళ్ళలో నిప్పులు. వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది:

"పా-ఠం వే-ళ ప-క్క-వా-ళ్ళ-తో క-బు-ర్లు ఎ-క్కు-వ."

ఆ వాక్యం ఆమెకు ఎవరూ చదివి పెట్టలేదు.

"డెబ్బై ఏళ్ళు నా గురించి ఎవడు ఏం రాశాడో నాకు తెలీదే అమ్మాయ్. మొట్టమొదటిసారి నా అంతట నేను చదివితే, ఇదా రాసింది!"

"అబద్ధమా అవ్వా?"

పత్రం మళ్ళీ ఒకసారి చూసుకుంది. "నిజమేలే. కానీ ఇంకో ముక్క చేర్చు. కబుర్లు బావుంటాయని."

పెన్ను తెచ్చి చేర్చాను. ఆమె దాన్ని కూడా వేలితో చదివి సరిచూసుకుని, నా బల్ల మీద మిగిలిన ముల్లంగి కిమ్చి ముక్కొకటి నోట్లో వేసుకుని, ఉప్పెక్కువైందని చెప్పి వెళ్ళిపోయింది.