టీవీ షోకేసులో ఇగ్వానా

నేను ఎమ్మెస్సీ జువాలజీ చదివాను. తొర్రూరులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో అదే పాఠం చెబుతాను. సరీసృపాల గుండెలో ఎన్ని గదులుంటాయో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. చలికాలంలో వాటిని ఎలా కాపాడాలన్నది మాత్రం సిలబస్‌లో లేదు. ఈ సంగతి మా ఫిజిక్స్ లెక్చరర్‌కు తెలియదు. జనగామ నుంచి రోజూ బస్సులో వచ్చే ఆయనకు పుణెలో ఉద్యోగం దొరికింది. పోతూ పోతూ తాను పెంచుకుంటున్న ఇగ్వానాను నా చేతిలో పెట్టి, "నీ సబ్జెక్టే కదన్నా" అన్నాడు. దాని రిజిస్ట్రేషన్ కాగితాలు కూడా ఇచ్చాడు. నా పెళ్లికి ఇన్ని కాగితాలు లేవు.

ఇగ్వానా అంటే ఆకుపచ్చటి పెద్ద బల్లి. తోకతో కలిపి నా చెయ్యంత పొడవుండేది. పరాయి దేశపు జంతువు, ఆకులూ పూలూ తప్ప ఏమీ తినదు. ఈ రెండు ముక్కలూ మా వీధిలో ఎవరూ నమ్మలేదు. అందరికీ అది ఉడుమే. నా భార్యకు కూడా.

"ఉడుమును ఇంట్ల పెట్టుకుంటవా? గదన్న ఉండాలె, నేనన్న ఉండాలె" అంది.

రెండూ ఉన్నాయి. వారం తిరక్కముందే ఆవిడ పక్కింటివాళ్లను అడిగి మునగాకు తెచ్చింది. ఆ తర్వాత మందార పూలు, సన్నగా తరిగిన సొరకాయ. ఆవిడ దంతాలపల్లి దగ్గర బడిలో టీచరు. మధ్యాహ్నం ఇంటర్వెల్‌లో ఫోన్ చేసి "తిన్నదా?" అని అడిగేది. మొదటిసారి నేను "తిన్నాను" అన్నాను.

"నిన్ను అడగలె."

ఇంట్లో నా స్థానం ఏమిటో నాకు అప్పుడు స్పష్టమైంది. నాకు పెద్దగా బాధ కలగలేదు. అది ఆవిడ చేతిలోంచి పువ్వు అందుకొని, కళ్లు సగం మూసి నమిలేది. ఆవిడ బడిలో పిల్లలతో కూడా మాట్లాడనంత మెల్లగా దానితో మాట్లాడేది. మాకు పిల్లలు లేరు. ఈ విషయం మేం ఇంట్లో ఎక్కువగా మాట్లాడుకోం, ఇక్కడా ఎక్కువగా రాయను.

పాత టీవీ షోకేసును దానికి ఇల్లుగా మార్చాం. ముందు అద్దం, లోపల కూర్చోవడానికి ఒక వేపకొమ్మ, ఒక మూల జాలీ కట్టిన బల్బు. వెనక పలకకు వడ్రంగి గాలి కోసం పది రంధ్రాలు పెట్టాడు. ఎండాకాలం, వానాకాలం ఏ ఇబ్బందీ లేకుండా గడిచాయి. కార్తీకం దాటాక ఒక పొద్దున లోపలి థర్మామీటరు పద్దెనిమిది చూపించింది. ఇగ్వానా రంగు నల్లబడి, కొమ్మకు అతుక్కుపోయి ఉంది. దాని ఒంట్లో సొంత వేడి పుట్టదు, చుట్టూ ఎంత ఉంటే అంతే. ఈ పాఠం నేను ఏటా చెబుతాను.

ఇక చదువుకున్నవాడు రంగంలోకి దిగాడు. ఫ్రిజ్‌తో వచ్చిన థర్మాకోల్ ముక్కలు షోకేసుకు మూడు వైపులా అంటించాను. పైన రెండు గోనెసంచులు, వాటి మీద బొంత. అయినా వేడి నిలవలేదు. వెతికితే వెనక రంధ్రాల్లోంచి పోతోంది. పదింటికీ గోధుమరంగు టేపు వేశాను. గంటలో ఇరవై తొమ్మిదికి ఎక్కింది. థర్మామీటరు ఫోటో తీసి స్టాఫ్ గ్రూపులో పెట్టాను. ఆరుగురు బొటనవేలు చూపించారు.

ఆ వారమే మా మామ వచ్చాడు. భూపాలపల్లిలో ఉంటాడు, ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో దిగి రిటైరయ్యాడు. జఫర్‌గఢ్‌లో పెళ్లికి వచ్చి, కూతురిని చూసి పోదామని మా ఇంటికి చేరాడు. ఇగ్వానాను చూడగానే దానికి దొర అని పేరు పెట్టాడు.

"పని చెయ్యడు, ఎండకు కూసుంటడు, మంది తెచ్చి పెడితే తింటడు. దొర గాక ఏంది?"

తర్వాత షోకేసు చుట్టూ ఒకసారి తిరిగాడు. అద్దానికి లోపలి నుంచి నీటి చుక్కలు కారుతున్నాయి.

"గాలి యాడికెళ్లి వస్తది అల్లుడా?"

"సందుల్లోంచి వస్తది మామా."

"సందులల్ల గాదు. వచ్చే గాలికి ఒక తొవ్వ, పోయే గాలికి ఒక తొవ్వ ఉండాలె. కింద ఒకటి, మీద ఒకటి. లేకుంటే ఉక్కతోటి సస్తది."

"ఇది బాయి గాదు మామా" అన్నాను నవ్వుతూ.

ఆయన కూడా నవ్వాడు. అల్లుడు చదువుకున్నవాడు కాబట్టి ఊరుకున్నాడు. నా భార్య మాత్రం అద్దం తుడుస్తూ, "గిది షోకేసా, ఇడ్లీ పాత్రనా?" అంది. నేను థర్మామీటరు చూపించాను. ఇరవై తొమ్మిది. అంకె ముందు ఎవరైనా ఏం మాట్లాడతారు?

రెండు వారాలకు దొర నోరు తెరిచి ఊపిరి తీయడం మొదలుపెట్టాడు. ముక్కు దగ్గర చిన్న బుడగలు. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన నిజాయితీపరుడు. "బర్రె అయితే చెప్త సార్. దీనికి సూది ఎంత ఎయ్యాల్నో నాకు తెల్వది" అన్నాడు. హైదరాబాద్‌లో ఇలాంటి జంతువులను చూసే ఒక డాక్టరమ్మ నంబరు ఇచ్చాడు. ఆమె ఫోన్‌లో వీడియో చూసి, తడి గాలికి ఊపిరితిత్తులు చెడినట్టుందని, ముందు రంధ్రాలు తెరవమని చెప్పింది. "వేడి తగ్గనివ్వకండి. ఒళ్లు చల్లగా ఉంటే మందు పనిచేయదు. ప్రయాణం తట్టుకునేంత కోలుకున్నాక మందుకు తీసుకురండి" అంది.

టేపు పీకాను. పది రంధ్రాలు, పది చప్పుళ్లు. నా భార్య పక్కనే నిలబడి ఉంది. పీకిన టేపు ముక్కలన్నీ ఉండ చుట్టి చెత్తబుట్టలో వేసింది. తిట్టినా బాగుండేది.

ఆ సాయంత్రమే మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కరెంటు ఎప్పుడొస్తుందంటే "రేపు" అన్నారు. ఏ రోజు అడిగినా రేపే అంటారని మాకు తెలుసు. తెల్లారేసరికి దొర మళ్లీ నల్లబడ్డాడు. మామకు ఫోన్ చేస్తే, "గిక్కడ కరెంటు పోదు, తీసుకరా" అన్నాడు. నా భార్యకు బడిలో పరీక్షలు, సెలవు లేదు. దొరను పాత ధోవతిలో చుట్టి, నా స్వెటర్ లోపల ఛాతీకి ఆనించి కట్టింది. బాటిల్లో వేడినీళ్లు పోసి ఇచ్చింది. "నీ ఒంటి వేడి తగులుతది. చెయ్యి తియ్యకు" అంది. నేనొక పనికి పనికొచ్చానని నాకు కొంచెం గర్వంగా అనిపించింది.

హనుమకొండ దాకా ఒక బస్సు, అక్కడి నుంచి భూపాలపల్లికి ఇంకొకటి. రెండో బస్సులో నా స్వెటర్ మెడలోంచి తల బయటికి వచ్చింది. పక్క సీటులో ఉన్న అవ్వ చూసి ఏమాత్రం జంకలేదు.

"ఉడుమా బిడ్డా? యాడ పట్టినవ్?"

"ఉడుము గాదవ్వా. ఇగ్వానా. జబ్బు చేసింది."

"జబ్బుదా? అయితే తినకు" అంది సానుభూతిగా.

కండక్టరమ్మ టికెట్ మిషన్ పట్టుకొని ఒక అడుగు వెనక్కి వేసింది. "అన్నా, గది కరుస్తదా?"

"ఇప్పుడు దానికంత ఓపిక లేదక్కా."

ఆమె దొర మొహం చూసింది. కిటికీ అద్దం మూయమని ముందు సీటువాళ్లకు చెప్పింది. "చలి గొడుతుంది, పాపం" అంది. మూత సరిగా పడని ఆ కిటికీని ఒకాయన పరకాల దాకా చేత్తో పట్టుకొని కూర్చున్నాడు. నాకు కృతజ్ఞత చెప్పడం రాలేదు. తల ఊపాను.

మామ అప్పటికే పాత చెక్కపెట్టెకు ముందు అద్దం బిగించి, లోపల ఒక కొమ్మ పెట్టి సిద్ధం చేశాడు. బయటి వైపు మాత్రమే థర్మాకోల్, దానిమీద గోనె. బల్బు ఒక మూలన, జాలీ అవతల, గోనెకు జానెడు దూరంలో. రెండో మూల వేడి లేకుండా వదిలాడు. కింద ఒక రంధ్రం, ఎదుటి పక్క పైన ఇంకొకటి. పక్కింటి అక్క నిప్పుల కుంపటి తెచ్చి గదిలో పెట్టబోతే గుమ్మంలోనే ఆపేశాడు. "బొగ్గు సంగతి నాకు చెప్పకు బిడ్డా. తలుపులేసిన అర్రల కుంపటి పెడితే దొరతోపాటు మేం గూడ పోతం."

సాయంత్రానికి పెట్టెలో ముప్పై నిలిచింది. అద్దం మీద ఒక్క చుక్క లేదు. దొర మెడ కొంచెం పచ్చబడింది, ఒక కన్ను తెరిచాడు. నా భార్యకు వీడియో పంపాను. "మునగాకు దొరుకుతదా అక్కడ?" అని అడిగింది. దొరుకుతుందన్నాను. మామ తెచ్చి పెట్టాడు కూడా. దొర ముట్టలేదు.

మర్నాడు పొద్దున లేచి చూస్తే కొమ్మ మీద లేడు. చల్లటి మూలన కింద పడి ఉన్నాడు, కాళ్లు వెనక్కి చాపి. కదిలిస్తే కదలలేదు. డాక్టరమ్మకు ఫోన్ చేశాను. "చల్లగా ఉన్నప్పుడు నిర్ణయించకండి. గుండె చాలా మెల్లగా కొట్టుకుంటుండవచ్చు. వేడెక్కాక కూడా స్పందించకపోతేనే..." అని ఆగింది. అంటే చావును తేల్చాలన్నా ముందు వేడి చేయాలి. ఇంతటి నిస్సహాయమైన పాఠం నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

పది గంటలకు మబ్బు విడిచింది. మామ దొరను డాబా మీదికి ఎత్తుకుపోయి, చాప మీద ఎండకు పడుకోబెట్టాడు. డాక్టరమ్మ అన్న మాటా, ఎండకు పెట్టిన సంగతీ నా భార్యకు మెసేజ్ పెట్టాను. ఇద్దరం చెరో పక్క కూర్చున్నాం. అరగంటకోసారి నేను థర్మామీటరు దాని పొట్టకు ఆనించేవాణ్ని. ఇరవై రెండు. ఇరవై ఆరు. మామ వేలితో దవడ కింద మెల్లగా రాసేవాడు. "లే దొరా. ఎండొచ్చింది సూడు."

పన్నెండు దాటాక ఒకసారి తోక కదిలింది. ఇద్దరం లేచి నిలబడ్డాం. గాలికి చాప అంచు లేచింది, అంతే.

ఒంటిగంటకు ముప్పై రెండయింది. దొర ఒళ్లు వెచ్చగా ఉంది. పక్కనున్న పిట్టగోడ ఇటుకలు కూడా అంతే వెచ్చగా ఉన్నాయి. నేను ఛాతీ మీద వేలు పెట్టాను, అద్దం ముక్క ముక్కు దగ్గర పెట్టాను, కనురెప్ప ఎత్తి చూశాను. ఇంకేం చేయాలో తెలియక మళ్లీ మొదటి నుంచి చేశాను. చివరికి మామ నా చేతిలోంచి థర్మామీటరు తీసుకొని జేబులో పెట్టుకున్నాడు.

"సాలు అల్లుడా. పోయిండు."

అప్పుడే ఫోన్ మోగింది. బడి ఇంటర్వెల్. వెనక పిల్లల అరుపులు.

"ఎట్లున్నడు? చల్లగ ఉన్నడా ఇంక?" అంది నా భార్య.

మామ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"లేదు" అన్నాను. "వెచ్చగనే ఉన్నడు."

అవతల పిల్లలు అరుస్తూనే ఉన్నారు. తర్వాత, "ఎండల నుంచి లోపలికి తీయుండ్రి" అంది.