అంపారో అంటే అండ

అంపారో అన్న పేరు మొదటిసారి యూఏఈలోని ఫుజైరా ఆస్పత్రిలో ఓ ఫిలిప్పీన్స్ నర్సు చొక్కా మీద చదివాను. 2020, కరోనా రోజులు. నాకు నొప్పులు మొదలయ్యాయి. మొగుళ్ళను గేటు దాకానే రానిచ్చేవారు. మా ఆయన గేటు దాకా కూడా రాలేదు. "నాకు అంటుకుంటే ముదీర్ ఉద్యోగంలోంచి పీకేస్తాడే" అంటూ వాళ్ళ మేనేజర్ని అడ్డం పెట్టుకుని, నన్ను టాక్సీ ఎక్కించి చెయ్యూపారు. మహానుభావుడు!

పదకొండు గంటలు నా చెయ్యి వదలనిది ఆ నర్సే. మీ పేరుకి అర్థమేమిటని మూలుగుతూనే అడిగాను. స్పానిష్ మాటట. అండ అని అర్థమట. దిక్కులేనివాళ్ళను కాపాడే మరియమ్మను తలుచుకుని పెట్టుకునే పేరట. ఆడపిల్ల పుడితే ఇదే పేరని అప్పుడే అనుకున్నాను.

ఆడపిల్లే పుట్టింది, కృత్తిక మొదటి పాదంలో. 'అ'తో పేరు పెట్టాలన్నారు. కలిసొచ్చిందని ఎంత సంబరపడ్డానో!

ఇరవయ్యొకటో రోజు బారసాల. కాకినాడ నుంచి అత్తయ్యగారూ, పంతులుగారూ ఫోన్‌లోనే. నేను పేరు చెప్పగానే అత్తయ్యగారు ముక్కున వేలేసుకున్నారు.

"ఛీ ఛీ, అదేం పేరమ్మా! నా మనవరాలికి అక్కడి పనిమనుషుల పేరా?"

"నేనూ అదే అంటున్నానమ్మా" అని మా ఆయన వంతపాడారు. యాప్‌లో వెతికి ఇంకో పేరు తెచ్చారు. అర్థమేమిటండీ అంటే, "ఎవరికీ ఉండదు, యూనిక్" అన్నారు. ఇంజినీరింగ్ చదివిన మనిషి! పళ్ళెంలో బియ్యం పోసి, ఉంగరంతో ఆ పేరు రాసి, దానికి ఫొటో కూడా తీసుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఏడుపూ వచ్చింది.

మర్నాడు జనన ధ్రువపత్రం ఫారం నా ముందు పడేసి, "ఇది నువ్వే చూస్కో" అన్నారు. ఈ దేశం వచ్చాక ఒక్క ఫారమైనా నింపిన పాపాన పోలేదు. సంతకం మాత్రం చదవకుండా గీకేస్తారు. నేను నింపాను. ఆయన గీకారు.

పత్రం చేతికొచ్చాక ఎగిరిపడ్డారు.

"ఎవరి పేరే ఇది? నేను బియ్యంలో రాసిందేమైంది?"

"ఆ బియ్యం పరమాన్నం వండానుగా. మీరే రెండుసార్లు వడ్డించుకున్నారు. ఇదంటారా, కాన్పప్పుడు నా పక్కనున్న మనిషి పేరు."

ఆయన పత్రం మడిచి నాకే ఇచ్చేశారు.