చారలు ఎక్కడ నిలిచినవి

బంగారు గనులు మూతపడిన పదిహేనేళ్లకు, ఆండర్సన్‌పేటలోని ఒక పాత కంపెనీ బంగళాలో, రాతిదుమ్ము వల్ల ఊపిరితిత్తులు చెడిన కార్మికులను పరీక్షించే చిన్న పరిశోధన కేంద్రం ఏర్పడింది. అందులోని సూక్ష్మదర్శిని బాధ్యత జెసింతాది. ఆమె గని కార్మికుని కుమార్తె. బెంగుళూరులో శిక్షణ పొంది, ఉద్యోగం సొంత ఊరిలోనే దొరికినందుకు తృప్తిపడిన మనిషి. మాట తక్కువ, పని శుభ్రం.

ఆ యంత్రం కణాలపై వెలుగును సమంగా పరచదు. కిటికీ ఊచల నీడవలె సన్నని చారలుగా వేస్తుంది. మామూలు వెలుగుకు చిక్కని సూక్ష్మరూపాలు ఆ చారలతో కలిసినప్పుడు వెడల్పైన అలలుగా కనబడతాయి. మూడు దిక్కులలో, ఒక్కొక్క దిక్కుకు చారలను కొద్దికొద్దిగా జరిపి మూడేసి చిత్రాలు తీసి, లెక్కతో విడదీస్తే అసలు రూపం బయటపడుతుంది. అయితే ప్రతి చిత్రం తీసిన క్షణాన చారలు ఎక్కడ నిలిచినవో తెలిసి తీరాలి. దానినే దశ అంటారు. దశ తప్పితే లేని గీతలు కణంలో మొలుస్తాయి.

ఆ వేసవిలో బచ్చప్ప కణాలు పరీక్షకు వచ్చాయి. కుప్పం పక్క పల్లె నుండి పడుచుతనంలో వచ్చి, గని లోతున డ్రిల్లు పట్టిన వృద్ధుడాయన. గొట్టం దించి ఊపిరితిత్తులు కడిగి ఆ కణాలు తీసిన తరువాత ఆయాసంతో కొన్నాళ్లు మంచం దిగలేకపోయాడు. మళ్లీ గొట్టం వేస్తే ప్రాణానికే ముప్పని కేంద్రపు డాక్టరు మాల ఖండితంగా చెప్పింది. తీసిన కణాలకు పట్టించిన మెరిసే రంగు, చిత్రాలు తీసేసరికే యంత్రపు వెలుగుకు వెలిసిపోయింది. ఇక మిగిలినవి ఆ చిత్రాలే.

లెక్క కట్టగా, కణం మింగిన రాతిరేణువు చుట్టూ దువ్వినట్లు గీతలు వచ్చాయి. జెసింతా సంతోషించింది. మాల మాత్రం చాలాసేపు చూసి తల అడ్డంగా ఊపింది.

“కణం ఇంత సమంగా గీతలు గీయదు, జెసింతా. చిత్రాలు తీసేటప్పుడు ఏమైనా కదిలిందా?”

“ఏమీ లేదు మేడమ్. మధ్యలో బర్స్ట్ ఒకటి వచ్చింది, అంతే.”

“అంతేనా? ఆ రోజు నేను బల్ల కింద దూరాను!”

నీరు నిండిన పాత సొరంగాలలో రాయి పగిలి భూమి అదరడాన్ని ఆ ఊరివారు బర్స్ట్ అంటారు. ఉయ్యాలలోనే ఆ అదురుకు అలవాటుపడిన జెసింతా, చేయి ఆపలేదు. చారల కదలిక యంత్రపు పుస్తకంలో చెప్పినంతే జరిగిందని నమ్మి, ఆ అంకెలనే లెక్కలో వేసింది.

మాట వరండా దాటింది. మందులకు వచ్చిన బచ్చప్ప గుమ్మం పట్టుకుని నిలిచాడు.

“ఏమ్మా, నా బొమ్మ చెడిపోయిందంట? ఇంగో గొట్టం వెయ్యి. ముప్పై ఏండ్లు దుమ్ము మింగినోన్ని, గొట్టానికి బెదురుతానా?”

“నోరు ముయ్యి మామా. నీకు ఊపిరి పీల్చేదానికే తీరిక లేదు, గొట్టం యాడ పట్టేది?” అంది జెసింతా.

“నీ చేతి తప్పుకు నా మీద కోపమా?”

“కోపం నా మీదనే ఉండాది.”

చారల జాడ చిత్రాలలోనే ఉంటుందని మాల గుర్తుచేసింది. జెసింతా ఆ వారమంతా ఇతర పని ముట్టలేదు. తెలిసిన వెడల్పు గల చారలను లెక్కలో ఒక్కొక్క చిత్రంపై పరచి, మెల్లగా జరుపుతూ, రెండింటి వెలుగు ఎక్కడ బాగా కలుస్తుందో చూసింది. కలిసిన చోటే దశ. రెండు దిక్కుల చారలు దొరికాయి. అవి పుస్తకం చెప్పిన చోట లేవు. మూడవ దిక్కులో ఒక చిత్రం సరిగ్గా అదురు వచ్చిన క్షణానిదే. అందులో చారలన్నీ అలికినట్లున్నాయి. వెదకడానికి దశే లేదు. అంచనా వేసి ఏదో ఒక అంకె పెట్టవచ్చును గాని, ఆమెకు చేయి రాలేదు. ఆ దిక్కును విడిచిపెట్టింది.

దువ్వెన గీతలు మాయమయ్యాయి. రేణువును చుట్టుకున్న పలుచని పొర, ఒక చోట దాని చిరుగు, నిలిచాయి. రాతిదుమ్ము కణాన్ని లోపలినుండి చీల్చిందనడానికి ఆ చిరుగే సాక్ష్యమని, పరీక్షకు అది చాలునని మాల ఒప్పుకుంది.

బచ్చప్ప తెరకు ముఖం ఆనించి చూశాడు.

“ఒక పక్క మబ్బుగా ఉండాదే?”

“ఆ పక్క ఏముండాదో నాకు తెలీదు మామా. తెలీనిది గీసి పెట్టలేను.”

“గొట్టం?”

“ఇంగ అక్కర్లేదు.”

అంతవరకు ఎకసెక్కాలాడిన మనిషి పక్కనున్న స్టూలుపై మెల్లగా కూర్చుని, కండువా తీసి, ముఖం దానిలో దాచుకున్నాడు.