గిర్ని పక్కన సైకిల్ దుకాణం

నాచారం నుంచి చిల్కానగర్ వచ్చే దారిలో పిండిగిర్ని పక్కన ఒక మడిగె చాలాకాలం ఖాళీగా ఉండేది. గిర్ని మోతకు అక్కడ టైలరూ నిలవలేదు, సెల్‌ఫోన్ రీచార్జి చేసేవాడూ నిలవలేదు. 2007లో బిక్షపతి అనే ఆయన వచ్చి దాన్నే ఏరికోరి తీసుకుని సైకిల్ రిపేరు దుకాణం పెట్టాడు. ఇంకో వీధిలో దీనికంటే మంచి చోటు ఉందని చెప్పినా వినలేదు. పాపం లోకజ్ఞానం లేని మనిషి అనుకున్నాం.

బిక్షపతిది జనగామ అవతల ఏదో ఊరు. నాచారంలో ఒక ఇంజనీరింగు యూనిట్లో పందొమ్మిదేళ్లు ఫిట్టరుగా చేశాడు. ఇనపరేకు మీద ప్రెస్సులు దభేల్ దభేల్‌మని పడే షెడ్డు అది. చెవుల్లో పెట్టుకోవడానికి దూది కూడా ఎవరూ ఇవ్వలేదు, ఇతనూ అడగలేదు. యూనిట్ మూతపడ్డాక తెలిసిన పనితోనే బతుకుదామని ఈ దుకాణం పెట్టుకున్నాడు.

నాది తెనాలి. ఉప్పల్లో ఒక ఆఫీసులో గుమాస్తాగిరీ. గోధుమలు పట్టించుకోవడానికి గిర్నికి వస్తే గంటసేపు పడిగాపులు పడాలి, నాకేమో ఓపిక తక్కువ. అందుకని బిక్షపతి స్టూలు మీద కూర్చుని పేపరు చదువుకునేవాణ్ణి. అతడికో పద్ధతి ఉండేది. వచ్చినవాళ్లు సైకిల్ రోగం వర్ణించబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు.

"నోటితోని చెప్పకు. జర తొక్కి సూపియ్."

వాళ్లు తొక్కుతుంటే గొంతుక్కూర్చుని చక్రాలకేసి చూసేవాడు. పనిమంతుడికి ఆమాత్రం టెక్కు ఉంటుందిలే అని సరిపెట్టుకున్నారు జనం. నేనూ అంతే, ఒక తేలు వచ్చేదాకా.

అతడు ట్యూబుకు పంచరు వేస్తున్నాడు. కాలి పక్కకు తేలు వచ్చింది. నేను వెనకనుంచి "తేలు! బిక్షపతీ, తేలు!" అని గావుకేక పెట్టాను. అతడు గమ్ము రాసుకుంటూనే ఉన్నాడు. చెప్పు తీసి నేనే తేలును కొట్టాను. అప్పుడు తల తిప్పి, చచ్చిన తేలునూ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"సారూ, ఎవ్వలకు చెప్పకు. చెవిటోని దగ్గరికి సైకిల్ ఎవడు తెస్తడు? దుకాణం మూసుకుని పోవుడే."

"ఇంట్లో తెలుసా?" అని అతడి ముఖంలోకి చూస్తూ అడిగాను. ఎదురుగా నిలబడి మాట్లాడితే పెదాలను బట్టి అర్థం చేసుకుంటాడని అప్పుడే తెలిసింది.

"లే. దానికి తెలిస్తే బస్తీ మొత్తం తెలుస్తది."

గిర్ని పక్కనే ఎందుకు చేరాడో అప్పుడు బోధపడింది. ఆ మోతలో ప్రతివాడూ దగ్గరికొచ్చి, ముఖంలో ముఖం పెట్టి అరవాల్సిందే. చెప్పనని మాటిచ్చాను.

అతడి భార్య సాలమ్మ రోజూ ఒంటిగంటకు అన్నం గిన్నె తెచ్చేది. వెనకనుంచి రెండు మూడుసార్లు పిలిచి, పలక్కపోతే గిన్నెను ఠపీమని బల్ల మీద పెట్టి నావైపు తిరిగేది. "సూసినవా సారూ? గోడకు చెప్పినట్టే. పెండ్లాం అంటె గింత గూడ లెక్కలేదు." సంసారంలో ఇవన్నీ మామూలేనమ్మా అని పెద్దమనిషిలా జవాబు చెప్పేవాణ్ణి. ఒక్క ముక్కతో తీరే బాధ అది. ఆ ముక్క నా నోట్లోనే ఉంది. అయినా చెప్పలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

2012 ఎండాకాలంలో హరిచందన వచ్చింది. రాజమండ్రి పిల్ల, ఉప్పల్లో ఏదో కంపెనీలో ఉద్యోగం. వంకీ తిరిగిన హ్యాండిలూ సన్నటి టైర్లూ ఉన్న రేసు సైకిల్ ఆమెది. వచ్చే ఆదివారం స్నేహితులతో జనగామ దాకా వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలట. ఆ సైకిల్‌కు ముందర రెండు పళ్లచక్రాలు, వెనక ఎనిమిది. చైనును ముందరి ఒక చక్రం మీంచి రెండో దాని మీదికి తోయడానికి రెండు రేకులు ఉంటాయి, చైను వాటి మధ్యలోంచి పోతుంది. కొన్ని గేర్లలో చైను ఆ రేకులకు రాసుకుని కరకరమంటోందని ఆమె ఇంతకుముందు ఎక్కడో చూపించుకుంది. ఆ మెకానిక్ రేకుల మధ్య సందును పట్టకారుతో వెడల్పు చేసి పంపాడు. చప్పుడు పోయింది. పోయినవారం హబ్సిగూడ సిగ్నల్ దగ్గర గేరు మారుస్తుంటే, ఆపేవి లేక చైను జారి ఊడిపడింది. ఆమె కూడా పడింది. మోచేతికి కట్టు ఉంది.

బిక్షపతి మామూలుగానే తొక్కించి చూశాడు. రేకులను మెల్లగా లోపలికి వంచి మునుపటి సందుకు తెచ్చాడు. "ఇగ ఊడిపోదు మేడం. ఒక చక్కర్ కొట్టి రా."

ఆమె అటు వెళ్లగానే కరెంటు పోయింది. ఆ ఏడు కోతలు అలాగే ఉండేవి. గిర్ని ఆగింది. నా గోధుమలు సగం పిండయ్యి, సగం డబ్బాలోనే ఉండిపోయాయి. వీధంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో కరకరమంటూ హరిచందన తిరిగి వచ్చింది. అంత దూరం నుంచే అందరికీ వినబడింది. గిర్ని అరుగు మీద నలుగురు మనుషులు తలలెత్తారు.

"పాత శబ్దం మళ్లీ తెచ్చిపెట్టారేంటండీ?"

"చైను మంచిగనే ఉన్నది మేడం."

ఆమె సైకిల్‌ను స్టాండుకు తగిలించి పెడలు తిప్పింది. కరకర. "మంచిగా ఉందా? ఇంత శబ్దం వస్తోంది, మీకు వినపడట్లేదా?"

అరుగు మీద ఒకరు నవ్వారు. రేకుల సందు మళ్లీ వెడల్పు చేసి ఇచ్చేస్తే ఆమె సంతోషంగా వెళ్లిపోతుంది, అతడి గుట్టూ మిగులుతుంది. జనగామ రోడ్డు మీద ఏ లారీ ముందో చైను ఊడితే ఆమె సంగతి వేరే. బిక్షపతి పట్టకారు తీసుకున్నాడు. ఆమె మోచేతి కట్టు చూశాడు. పట్టకారు బల్ల మీద పెట్టేశాడు.

"లేదు మేడం, ఇనవడదు. ఏండ్లాయె చెవులు పోయి. నేను సూసి చేస్త. నువ్వు గీడ కూసో, నీకు గూడ సూపిస్త."

ఎవరూ నవ్వలేదు. అతడు జేబులోంచి దారం తీశాడు. యూనిట్లో రెండు చక్రాల మధ్య బెల్టు వంకర పోతోందో లేదో ఫిట్టర్లు దారం లాగి చూస్తారట. దారం ఒక కొస ముందరి పెద్ద చక్రం మీద, రెండో కొస వెనక పెద్ద చక్రం మీద పెట్టాడు. ముందరి పెద్దది బయటివైపు ఉంది, వెనక పెద్దది లోపల చువ్వల పక్కన. దారం ఏటవాలుగా సాగింది.

"సూడు, ఎట్ల అడ్డం పోతుందో. రేకుకు రాసుకోక ఏం జేస్తది? చిన్నదానికి చిన్నది పెట్టినా గంతే. పెద్దది ఏసినప్పుడు ఎనక బయటియి వాడు, చిన్నది ఏసినప్పుడు లోపటియి వాడు. సీదా ఉంటె సప్పుడు రాదు. నువ్వు ఎట్ల మారుస్తవ్?"

ఆమె వాళ్ల నాన్న మోటారు సైకిల్ మీద గేర్లు నేర్చుకున్న మనిషి. ఒకటి, రెండు, మూడు, వరుసగా వేసుకుంటూ పోవడమే తెలుసు. దీనికి మొత్తం పదహారని లెక్కగట్టి, ముందర చిన్నది పెట్టి వెనక పెద్దదాని నుంచి చిన్నదాని దాకా ఎనిమిదీ పూర్తి చేసి, అప్పుడు ముందర పెద్దది వేసి, మళ్లీ వెనక పెద్దదానితో తొమ్మిది నుంచి మొదలుపెట్టేది.

"ఎనిమిది, తొమ్మిదిలోనే శబ్దం," అందామె నెమ్మదిగా. "తొమ్మిదిలోకి వస్తే కాళ్లు ఊరికే తిరిగిపోతాయి కూడా."

"మెట్ల లెక్క కాదు మేడం ఇది. ఆ రెండు మర్చిపో. ఎనక నడిమిట్ల ఉన్నప్పుడే ముందరిది మార్చు."

ఆమె అలాగే మారుస్తూ వీధి చివరిదాకా వెళ్లి వచ్చింది. చైను చప్పుడు చెయ్యలేదు. అతడికి ఎదురుగా నిలబడి ఆ మాటే చెప్పింది.

అప్పుడు చూశాను, సాలమ్మ మడిగె పక్కన నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, చేతిలో అన్నం గిన్నె అలాగే ఉంది. దాన్ని చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టింది. నా దగ్గరికొచ్చింది.

"నీకు ఎర్కేనా సారూ?"

అబద్ధం చెప్పలేకపోయాను. "తెలుసమ్మా."

"రోజూ తిట్టిన. నువ్వు ఇనుకుంట కూసున్నవ్," అని వెళ్లిపోయింది. నాలాంటి పెద్దమనిషికి అంతకంటే తగిన మాట లేదు.

ఆ ఆదివారం హరిచందన జనగామ వెళ్లి క్షేమంగా వచ్చింది. బిక్షపతి భయపడ్డట్టే కొన్నాళ్లు గిరాకీ పడిపోయింది. తర్వాత ఆమె స్నేహితులు ముగ్గురు తమ సైకిళ్లు తెచ్చారు, వాళ్లను చూసి పాతవాళ్లూ రావడం మొదలుపెట్టారు. దుకాణం మూతపడలేదు.

నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ కరెంటు పోయిన మర్నాటి సంగతి. సగం మిగిలిన గోధుమల కోసం మళ్లీ వెళ్లాను. కరెంటు ఉంది, గిర్ని హోరుమంటోంది. ఒంటిగంటకు సాలమ్మ వచ్చింది. వెనకనుంచి పిలవలేదు. స్టాండుకు వేలాడుతున్న సైకిల్ చుట్టూ తిరిగి వెళ్లి, అతడికి ఎదురుగా నిలబడింది. అతడు తలెత్తి తన ముఖం చూసేదాకా ఆగి, అప్పుడు ఏదో అంది. ఆ మోతలో నాకు ఒక్క ముక్క వినపడలేదు. బిక్షపతి తలూపి, చేతులు కడుక్కోవడానికి లేచాడు.