అవ్వ తుడిచిన బొట్టు

పొద్దున్నే ఫోన్ తెరిస్తే, పాతతరం హీరో ఒకాయన పోయారన్న వార్త. దేవరుప్పులలో మా అవ్వ ఇంటి గోడ కళ్లలో మెదిలింది. మీ ఇళ్లల్లోనూ ఉండేది కదా, పేపర్లో సినిమావాళ్ల బొమ్మలు కత్తిరించి అన్నం మెతుకులతో అంటించిన గోడ? వాళ్లలో ఎవరు చనిపోయినా అవ్వ తలస్నానం చేసొచ్చి, ఆ బొమ్మ నుదుట కుంకుమ బొట్టు పెట్టేది.

ఒకసారి ఈ హీరో పోయాడని ఊళ్లో పుకారు లేస్తే, ఏడుస్తూ పెట్టింది. సాయంత్రం రేడియోలో ఆయనకేదో బిరుదిచ్చారని విని, గబగబా కొంగుతో తుడిచేసింది.

"నా ఆయుష్షు గూడ పోసుకొని బతుకు కొడుకా" అన్నది బొమ్మతో.

ఆ ఏడే అవ్వ ఫోటోకు మేం బొట్టు పెట్టాం. ఆయన మాత్రం ఇన్నేళ్లు బతికాడు.

అవ్వ పోసిన ఆయుష్షు ఇవాళ అయిపోయింది.