హాలు గోడ మీది తడి అంచు

మేడ్చల్ వైపు రోలరుతో రంగులు వేయడం కొత్తగా మొదలైన రోజుల్లో, రావల్‌కోల్‌లో ఒక పటేల్ ఇంటి హాలుకు రంగు వేశాను. నా పనికి ఎవరైనా వంక పెడితే ఊరుకునే రకం కాదు నేను. ఆ గోడ విషయంలో మాత్రం ఇప్పటికీ నన్ను నేనే తిట్టుకుంటాను.

ఆ ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు. శామీర్‌పేట దగ్గరి భూమి అమ్మిన నాటి నుంచి మాటల్లేవు. ఇల్లు పంచుకున్నారు. హాలు మధ్యలో గోడ కట్టడానికి తల్లి ఒప్పుకోలేదు కాబట్టి సుద్దముక్కతో నేల మీదా, హాలు గోడ మీదా నడుమన గీత గీసుకున్నారు. తల్లి మంచం ఒక నెల గీతకు ఇటు, ఒక నెల అటు. ఆమెకు చూపు దాదాపు పోయింది. పని మొదలుపెట్టబోతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, నీ రంగుతోని గా గీత వోవాలె. నేను వొయ్యేలోపల గీ గోడ ఒక్కటి గావాలె."

సరే అవ్వా అన్నాను. అన్నదమ్ముల్లో పెద్దాయన మాత్రం తన సగమే వేయమన్నాడు.

"నడుమ ఆపితే మచ్చ పడ్తది పటేలా. రోలరు ఈ మూల నుంచి ఆ మూలకు ఆగకుంట పోవాలె."

"రంగు నేనిస్త. మా తమ్మున్ని నువ్వే అడుగు."

తమ్ముడు ఎక్కడో లేడు, వరండాలో పేపరు చదువుతున్నాడు. ఎలాగూ ఒప్పుకుంటాడులే అని ముందు పని మొదలుపెట్టేశాను. అదీ నా పొగరు.

రోలరును రంగులో నిండుగా తిప్పాలి, గోడ మీద గట్టిగా ఒత్తకూడదు, అంచు తడిగా ఉండగానే పక్క పట్టీని దానిలో కలిపేయాలి. అంచు ఆరితే ఇక కలవదు, అక్కడ గట్టు మిగిలిపోతుంది. అసలే ఎండాకాలం. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, చెమటలు కక్కుతూ గీత దాకా వచ్చి, వరండాలోకి పరిగెత్తాను.

"అడిగేది నువ్వా, మా అన్ననా?" అన్నాడు తమ్ముడు, పేపరు దించకుండానే.

లోపలికి వచ్చి పెద్దాయనకు చెప్పాను. "నేనడుగ," అన్నాడు. మళ్లీ వరండాలోకి. మళ్లీ లోపలికి. వచ్చినప్పుడల్లా అంచును వేలితో తాకి చూశాను. మొదట రంగు అంటింది, తర్వాత జిగురులా సాగింది. చిన్నదానికీ నోరు చేసుకునే నేను, ఆ రోజు వాళ్లిద్దరి మధ్య కబురు మోస్తూ తిరిగాను. అడగకుండా గీత దాటేసి ఉంటే ఏం చేసేవారు? మహా అయితే కొట్టేవారు.

చివరికి తమ్ముడు గడపలోకి వచ్చి తల్లి వైపు చూశాడు. "అవ్వ కోసమే. ఎయ్యి."

వేశాను. గోడంతా ఒకే రంగయింది. నడుమ మాత్రం నిలువునా గట్టులా ఒక చారిక.

సాయంత్రం సామాను సర్దుకుంటుంటే అవ్వ అడిగింది. "గీత వోయిందా?"

"పోయిందవ్వా."

ఆమె లేచి, గోడ పొడుగునా అరచెయ్యి రాస్తూ నడిచింది. సరిగ్గా నడుమకు వచ్చాక ఆ చెయ్యి ఆగింది. సిగ్గుతో తల దించుకున్నాను.

"రేపొచ్చి రుద్ది, మళ్లొక్కపారి ఎయ్యనా?"

"వద్దు బిడ్డా. మళ్ల అడుగుతె ఏమంటరో. పోయిందనే చెప్పు ఆళ్లకు."

చెప్పాను. హాల్లో పెద్దాయనకు ఒకసారి, వరండాలో తమ్ముడికి ఒకసారి.